నాలుగు చక్రాల పట్టు ఉంది, మరి బలం? అత్తిలి దారుల్లో ఫ్యామిలీ కారు లెక్క

అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం వైపు కొత్త కారు కొనాలనుకునే ఇళ్లలో ఈమధ్య ఒక మాట ఎక్కువగా వినిపిస్తోంది. "ఎలాగూ ఇంత పెట్టి కొంటున్నాం, నాలుగు చక్రాలూ లాగే బండే తీసుకుందాం. వానాకాలం చెరువుల వైపు వెళ్లాలన్నా, పిల్లలతో అరకు వెళ్లాలన్నా ఇబ్బంది ఉండదు" అని. ఆ మాటలో కొంత నిజం ఉంది, కొంత అపోహ ఉంది. ఆ రెండింటినీ విడదీసి చూడకపోతే నష్టం డబ్బుతోనే ఆగదు. ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది.

ఈ ధరలో ఆల్ వీల్ డ్రైవ్ అనగానే ముందుగా గుర్తొచ్చేది మారుతి సుజుకి గ్రాండ్ విటారా. దాని జంట బండి టయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్. రెండిటి నిర్మాణం ఒకటే, ఇంజిన్ ఒకటే. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా 32 నెలల్లోనే 3 లక్షల అమ్మకాలు దాటింది. చూడటానికి నిండుగా ఉంటుంది, మైలేజీ బాగుంటుంది, సర్వీసు దగ్గర్లో దొరుకుతుంది. ఫ్యామిలీ బండిగా దీనికి మంచి పేరే ఉంది. అయితే ఇందులో ఆల్‌గ్రిప్ అనే నాలుగు చక్రాల రకం కొన్నవాళ్ల నుంచి ఒక ఫిర్యాదు మాత్రం మామూలుగా వినిపిస్తుంది: "బండి బాగుంది గానీ లాగదు."

పట్టు వేరు, బలం వేరు

ఈ ఫిర్యాదు అర్థం కావాలంటే ముందు ఒక విషయం తెలియాలి. నాలుగు చక్రాలకు శక్తి వెళ్లినంత మాత్రాన ఇంజిన్ శక్తి పెరగదు. ఉన్న శక్తినే రెండు చక్రాలకు బదులు నాలుగింటికి పంచుతారు, అంతే. పూర్వం ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎడ్ల కాళ్లు జారకుండా ఉండటం ఒక సంగతి, ఎడ్లకు లాగే సత్తువ ఉండటం ఇంకో సంగతి. ఆల్ వీల్ డ్రైవ్ మొదటిదాన్ని చూసుకుంటుంది. రెండోది ఇంజిన్ పని.

ఆల్‌గ్రిప్‌లో ఉన్నది 1462 సీసీ పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు. ఎక్కువలో ఎక్కువ 103 హార్స్ పవర్ ఇస్తుంది, అది కూడా 6000 ఆర్‌పీఎం దగ్గర. లాగే శక్తి, అంటే టార్క్, 136.8 న్యూటన్ మీటర్లు. అది పూర్తిగా అందేది 4400 ఆర్‌పీఎం దగ్గర. పోలిక కోసం చూస్తే, హ్యుందాయ్ క్రెటా 1.5 లీటర్ల డీజిల్ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. అంటే దాదాపు రెట్టింపు. అయితే క్రెటాలో నాలుగు చక్రాల డ్రైవ్ లేదు. పట్టు కావాలంటే బలం తక్కువ, బలం కావాలంటే పట్టు లేదు. ఈ తరగతి కార్లలో కొనేవాడికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే.

మరో అపోహ "హైబ్రిడ్" అనే పేరు చుట్టూ ఉంది. గ్రాండ్ విటారాలో హైబ్రిడ్‌లు రెండు రకాలు. ఆల్‌గ్రిప్‌లో ఉన్నది స్మార్ట్ హైబ్రిడ్. అందులో ఇంజిన్‌కు చిన్న సాయం మాత్రమే అందుతుంది, కరెంటుతోనే బండి నడవదు. లీటరుకు 27.97 కిలోమీటర్ల మైలేజీ అని ప్రకటనల్లో కనిపించేది స్ట్రాంగ్ హైబ్రిడ్‌ది. దానికి నాలుగు చక్రాల డ్రైవ్ లేదు. షోరూంలో ఈ తేడా అడిగి తెలుసుకోకుండా బుక్ చేస్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

లోపల ఏం జరుగుతుంది?

మామూలు తారు రోడ్డు మీద ఈ బండి ముందు చక్రాలతోనే నడుస్తున్నట్టు లెక్క. ముందు చక్రాలు జారుతున్నాయని, లేదా జారబోతున్నాయని కంప్యూటర్ గుర్తించినప్పుడు మధ్యలో ఉన్న క్లచ్ లాంటి కప్లింగ్ బిగుసుకుంటుంది. అప్పుడు పొడవాటి షాఫ్ట్ ద్వారా వెనక చక్రాలకు శక్తి వెళుతుంది. డ్రైవర్ దగ్గర ఒక గుండ్రటి మీట ఉంటుంది. అందులో ఆటో, స్పోర్ట్, స్నో, లాక్ అని నాలుగు మోడ్‌లు.

స్నో అంటే మంచు కాబట్టి మనకెందుకు అనుకోకూడదు. యాక్సిలరేటర్ తొక్కినా బండి ఒక్కసారిగా దూకకుండా మెల్లగా స్పందించేలా చేసేది ఆ మోడ్. వాన పడ్డ మట్టి రోడ్డుకు, చేపల లారీల నుంచి కారిన నీళ్లతో నున్నగా తయారైన రోడ్డుకు అది బాగా పనికొస్తుంది. లాక్ అనేది బురదలోనో ఇసుకలోనో దిగబడబోతున్నప్పుడు, తక్కువ వేగంలో వాడటానికి.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. నాలుగు చక్రాల డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. తడి రోడ్డు మీద బండి ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది టైర్లు, వేగం. "నాది ఆల్ వీల్ డ్రైవ్" అన్న ధీమాతో వానలో వేగం పెంచేవాడికి మామూలు కారు నడిపేవాడికంటే ఎక్కువ ప్రమాదం.

అత్తిలిలో రోజూ తిరగడానికి

అత్తిలి గోదావరి డెల్టాలో ఉంది. నేల బల్లపరుపు, ఎక్కడం దిగడం అంటే కాలువ వంతెనలు, రైల్వే ఓవర్ బ్రిడ్జిలు తప్ప ఏమీ లేవు. ఇలాంటి చోట 103 హార్స్ పవర్ తక్కువేమీ కాదు. పిల్లల్ని బడిలో దింపడం, జుమాకు వెళ్లడం, తణుకులో బేరాలు, భీమవరంలో ఆసుపత్రి. ఈ పనులకు బండి తేలిగ్గా, మెత్తగా నడుస్తుంది. తణుకు దగ్గర 16వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా విజయవాడ వెళ్లినా, నాలుగు లైన్ల రోడ్డు కాబట్టి స్థిరమైన వేగంతో వెళ్లేవాళ్లకు ఇబ్బంది అనిపించదు. కొన్నవాళ్లలో చాలామంది మొదటి కొన్ని నెలలు "బలం తక్కువ అని ఎవరన్నారు?" అనేది అందుకే.

తేడా తెలిసేది రంజాన్, బక్రీద్ పండగలప్పుడు, పెళ్లిళ్లు, వలీమాలప్పుడు. ఖాళీ బండి బరువు సుమారు 1200 కిలోలు. అంటే టన్నుకు 85 హార్స్ పవర్ పైమాటే. ఐదుగురు ఎక్కి, డిక్కీ నింపితే ఇంకో 400 కిలోలు కలుస్తాయి. అప్పుడు టన్నుకు 64 హార్స్ పవర్ మాత్రమే మిగులుతుంది. బలంలో నాలుగో వంతు బరువుకే పోయింది. ఏసీ కూడా ఇంజిన్ నుంచి తన వాటా తీసుకుంటుంది. ఇక "పిల్లలే కదా" అని ఐదుగురి బండిలో ఏడుగురు ఎక్కితే బలం సంగతి అటుంచి, ఇద్దరికి సీటు బెల్టు ఉండదు. ఒడిలో కూర్చున్న బిడ్డను గుద్దుకున్నప్పుడు ఏ చేతులూ ఆపలేవు.

అసలు పరీక్ష: రెండు లైన్ల రోడ్డు

ఈ ప్రాంతంలో తక్కువ బలం ఉన్న బండి ప్రమాదకరంగా మారేది కొండల మీద కాదు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రెండు లైన్ల రోడ్లలో ధాన్యం ట్రాక్టర్లు, చేపల లారీలు, మేత లారీలు నిత్యం తిరుగుతుంటాయి. ఒక లెక్క చూడండి.

ముందు లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. దాన్ని దాటి మళ్లీ మన వరుసలోకి రావాలంటే లారీ కంటే సుమారు 50 మీటర్లు ఎక్కువ ముందుకు వెళ్లాలి. బండి చురుగ్గా 80 అందుకుని అదే వేగంతో దాటితే 9 సెకన్లు పడుతుంది. ఆలోగా మన బండి 200 మీటర్లు, ఎదురుగా 60లో వచ్చే బండి 150 మీటర్లు ప్రయాణిస్తాయి. అంటే ముందు 350 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి. అదే బండి బరువు మీద ఉండి, మెల్లగా పుంజుకుంటూ సగటున 70లోనే దాటితే 18 సెకన్లు పడుతుంది. అప్పుడు మనం పోయే దూరం 350 మీటర్లు, ఎదుటి బండి వచ్చే దూరం 300 మీటర్లు. మొత్తం 650 మీటర్ల ఖాళీ కావాలి. అదే రోడ్డు, అదే లారీ. కావాల్సిన ఖాళీ మాత్రం దాదాపు రెట్టింపు.

దీనికి మందు గేరులో ఉంది. ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు, పూర్తి టార్క్ ఇస్తోందని అనుకున్నా, వచ్చేది 39 హార్స్ పవర్ మించదు. అదే 4400 దగ్గరైతే 85 దాటుతుంది. ఐదో గేరులో ఉండి యాక్సిలరేటర్ నేలకు తొక్కితే మోత తప్ప బలం రాదు. లారీ వెనక ఉండగానే మూడో గేరుకు దించి, ఇంజిన్ చురుగ్గా తిరగడం మొదలయ్యాక, రోడ్డు ఖాళీ చూసుకుని బయటకు రావాలి. మనవాళ్లలో చాలామంది మైలేజీ పోతుందని గేరు దించరు. డీజిల్ బండ్లు నడిపిన అలవాటు ఉన్నవాళ్లయితే మరీనూ. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కు ఆ అలవాటు పనికిరాదు. ఇంజిన్ కాస్త అరిచినా ఫర్వాలేదు, అది అలా తిరగడానికే తయారైంది. ఆల్‌గ్రిప్ మొదట 5 గేర్ల మాన్యువల్‌తో వచ్చింది, 2025లో 6 గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. ఆటోమేటిక్‌లో పెడల్ గట్టిగా తొక్కితే గేరు తానే దిగుతుంది, కానీ అందుకు కాస్త సమయం పడుతుంది. ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

దూరం చాలదు అనిపిస్తే ఆగిపోవడమే. లారీ వెనక పది నిమిషాలు ఆలస్యమైతే నష్టం ఏమీ లేదు.

ఘాట్ ఎక్కేటప్పుడు

సెలవుల్లో మారేడుమిల్లి, అరకు వెళ్లే కుటుంబాలకు ఇంకో విషయం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజిన్ 1000 మీటర్ల ఎత్తులో దాదాపు పదో వంతు బలం కోల్పోతుంది. అరకు లోయ ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది. నిండా జనంతో అనంతగిరి మలుపులు ఎక్కేటప్పుడు రెండో గేరు, ఒక్కోచోట మొదటి గేరు కావాల్సి వస్తుంది. అది బండి చెడిపోయిందనడానికి గుర్తు కాదు. మలుపు తిరిగాక కాకుండా, మలుపు ముందే గేరు దించుకోవాలి. నిట్టనిలువు చోట ఏసీ కాసేపు ఆపితే కొంత ఊపిరి పోసుకుంటుంది. దిగేటప్పుడు కూడా తక్కువ గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే ఆధారపడితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అప్పుడు నాలుగు చక్రాల డ్రైవ్ ఏమీ చేయలేదు.

చెరువు గట్టు, నల్లమట్టి బురద

డెల్టా నల్లమట్టి తడిస్తే జిగురు. ఈ బండికి వచ్చేవి తారు రోడ్డు టైర్లు. వాటి గాళ్లలో మట్టి ఒక్కసారి నిండిపోయిందంటే టైరు నున్నటి గుండ్రాయిలా తయారవుతుంది. రెండు చక్రాలు జారే చోట నాలుగూ జారతాయి. పలచటి బురద, తడి గడ్డి, వదులు కంకర, ఇసుక వరకు ఆల్‌గ్రిప్ బాగా గట్టెక్కిస్తుంది. అంతకు మించితే చివరికి ట్రాక్టరే రావాలి.

పైగా ఇందులో థార్, జిమ్నీ లాంటి బండ్లలో ఉండే "ఫోర్ లో" గేరు లేదు. ఆ గేరు ఇంజిన్ బలాన్ని చక్రాల దగ్గర కొన్ని రెట్లు చేస్తుంది. జిమ్నీ ఇంజిన్ కూడా 1.5 లీటర్లదే, బలం కూడా ఇంచుమించు ఇంతే. అయినా బురదలో, ఎగుడుదిగుళ్లలో అది చేసే పని వేరు. అయితే జిమ్నీలో సీట్లు నాలుగే. గ్రాండ్ విటారా మాన్యువల్‌లో దిగబడినప్పుడు క్లచ్ సగం తొక్కి పదేపదే లాగిస్తే కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఖర్చు మొదలైనట్టే.

ఇక చెరువు గట్లు. గట్టు అంచు మెత్తబడి కుంగితే బండి పక్కకు ఒరుగుతుంది. నాలుగు చక్రాలు లాగినా పక్కకు జారేదాన్ని ఏదీ ఆపలేదు. తెలియని గట్టు మీదకు పిల్లలతో వెళ్లకూడదు. ముందు దిగి నడిచి చూడాలి. ఒంటెను కట్టేసిన తర్వాతే తవక్కుల్ అని మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నీళ్ల దగ్గర ధైర్యం వద్దు

కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్ల నీళ్లు వచ్చి చేరతాయి. సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు. పైనుంచి వరద ఎక్కువై, ఆ నీరంతా అంత త్వరగా దిగకపోతే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకు నీళ్లు వస్తాయి. 2024 సెప్టెంబరు వరదల్లో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచిన సంగతి అందరికీ గుర్తుంది.

ఈ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. గుంతలకు, స్పీడ్ బ్రేకర్లకు చాలు. ప్రవహించే నీళ్లకు చాలదు. అడుగు లోతు ప్రవాహం మామూలు కారును తేల్చగలదు, రెండడుగుల ప్రవాహం పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోగలదు. బండి తేలిన తర్వాత ఎన్ని చక్రాలు తిరిగినా ఒకటే.

నిలిచిన నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. గాలి వెళ్లే దారిలో నీళ్లు సిలిండర్‌లోకి చేరి ఉంటే ఆ ఒక్క స్టార్ట్‌తో లోపలి భాగాలు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఈ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అదనంగా తీసుకుని ఉండాలి. బండిని తరలించాల్సి వస్తే రెండు చక్రాలు ఎత్తి ఈడ్చే బండిని పిలవకూడదు. నాలుగు చక్రాలూ పైకెక్కించే లారీయే కావాలి, లేకపోతే వెనక చక్రాలకు శక్తి పంపే భాగాలు పాడవుతాయి. రొయ్యల చెరువుల వైపు ఉప్పు నీళ్లలో తిరిగి వస్తే ఇంటికి రాగానే బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించాలి.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. లోపలి కొసన మట్టి మరక ఉంటే ఆ బండి ఒకసారి మునిగినట్టే. కార్పెట్ కింద ఒండ్రు, మూసిన బండిలో ముక్క వాసన, సీటు కింద బోల్టులకు తుప్పు కూడా అదే చెబుతాయి. ధర తక్కువని తొందరపడకూడదు.

ఖర్చు లెక్క

2022లో విడుదలైనప్పుడు ఒకే స్థాయి మాన్యువల్ బండికి, ఆల్‌గ్రిప్‌కు షోరూం ధరలో తేడా లక్షన్నర రూపాయలు. కంపెనీ ప్రకటించిన మైలేజీ రెండు చక్రాల మాన్యువల్‌కు 21.11 కిలోమీటర్లు, ఆల్‌గ్రిప్ మాన్యువల్‌కు 19.38. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఈ తేడా సుమారు 51 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన దాదాపు 5,600 రూపాయలు. నిండు బండితో, ఏసీతో తిరిగితే రెండింటి మైలేజీ ఇంకా తగ్గుతుంది.

కనిపించని ఖర్చు టైర్లది. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి బాగా అరిగి, ఒకటి కొత్తదైతే చక్రాల వేగాల్లో తేడా వచ్చి కప్లింగ్ మీద భారం పడుతుంది. పంక్చర్ షాపులో దొరికిన ఏదో ఒక టైరు వేయించడం ఇక్కడ కుదరదు. వెనక డిఫరెన్షియల్ ఆయిల్, ట్రాన్స్‌ఫర్ ఆయిల్ కూడా సర్వీసు పుస్తకంలో చెప్పినట్టు మార్పించాలి. రెండు చక్రాల బండికి ఈ ఖర్చులు లేవు.

వడ్డీ లోను వద్దనుకుని, కమిటీలు వేసి, నెలనెలా కూడబెట్టి నగదుతో కొనే కుటుంబాలకు లక్షన్నర చిన్న మొత్తం కాదు. ఇంకో ఆరు నెలలో ఏడాదో ఆగాల్సి రావచ్చు. ఏడాదికి రెండుసార్లు పడే అవసరం కోసం అంత పెట్టడం ఇస్రాఫ్ అవుతుందేమో అని ఇంట్లో కూర్చుని అడుక్కోవడంలో తప్పు లేదు.

మరి ఎవరికి?

వారానికి నాలుగైదు రోజులు మట్టి దారుల్లో చెరువుల దగ్గరకు వెళ్లే రైతు కుటుంబానికి, తారు రోడ్డు నుంచి ఇంటి వరకు మట్టి బాటే ఉన్నవాళ్లకు, తరచూ ఏజెన్సీ వైపు తిరిగే ఉద్యోగులకు ఆల్‌గ్రిప్ డబ్బుకు తగ్గ పని చేస్తుంది. ఇల్లు, బడి, మస్జిద్, బజారు అన్నీ తారు రోడ్డు మీదే ఉన్నవాళ్లకు రెండు చక్రాల బండి, మంచి టైర్లు, ఇంజిన్ ప్రొటెక్షన్ చాలు. ఎప్పుడూ నిండా జనంతో దూరాలు వెళ్లే ఇంటికి కావాల్సింది పట్టు కంటే బలం. వాళ్లు డీజిల్ బండినో, టర్బో పెట్రోల్‌నో, స్ట్రాంగ్ హైబ్రిడ్‌నో నడిపి చూసుకోవాలి.

ఏది తీసుకున్నా టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లవద్దు. అమ్మీ, అబ్బా, పిల్లలతో సహా ఐదుగురూ ఎక్కండి. మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి రైల్వే ఓవర్ బ్రిడ్జి ఎక్కించండి. సగంలో ఆపి మళ్లీ కదిలించండి. మూడో గేరులో 50 నుంచి 80కి ఎంతసేపట్లో వెళుతుందో పక్కనున్నవాళ్లను లెక్కపెట్టమనండి. పోటీగా చూస్తున్న రెండో బండిలోనూ అదే జనంతో, అదే బ్రిడ్జి మీద మళ్లీ చేయండి. షోరూం వాళ్లు ఇచ్చే పది నిమిషాల రౌండు దీనికి చాలదు. అరగంట కావాలని ముందే ఫోన్ చేసి చెప్పండి.